రెండో గీత

చిట్టీ,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, మీ నాన్న ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. ఫోను అందని ఆ కొండమీది సరస్సు ఒడ్డు శిబిరంలో నువ్వూ క్షేమంగా, తడవని మేజోళ్ళతో ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం సరుకుల బండి ఎక్కి, ఎక్కడెక్కడో తిరిగి శనివారం చేరింది. అడిగినవాటికి ముందు జవాబులు. నాన్న మాత్రలు వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే. ముప్పై ఏళ్ళు బస్సు ఇంజన్లు విప్పిన మనిషికి మాత్రల అట్ట విప్పడం రాదట. స్వెటర్ చేతులు పొడుగైతే మడుచుకో, కత్తెర పెట్టావో ఊరుకోను. ఫ్యాక్టరీలో మా చెకింగ్ బల్లల మీద కొత్త దీపాలు పెట్టారు. చొక్కా కాలర్లో తప్పిన కుట్టు ఇప్పుడు ఆమడ దూరం నుంచి కనిపిస్తోంది.

ఇక నువ్వు మూడుసార్లు అడిగినది, ఫ్యాక్టరీ వెనక కాలువ సంగతి. లారీలు తిప్పుకోవడానికి దాన్ని పలకలతో మూసేస్తామన్న మాట మున్సిపాలిటీ ఇంకా వదల్లేదు. వీధివాళ్ళందరం ఇచ్చిన అర్జీ వాళ్ళ దగ్గరే ఉంది. దానికి మొదటి పేజీ నీ ఫోటోయే. పోయిన సెలవుల్లో ఆ కాలువ గట్టున నువ్వు తీసిన నీలం సూది తూనీగ, కింద నువ్వు రాసిన పేరు, పక్కన నువ్వు ప్రాణుల ఫోటోలు పెట్టే సైటువాళ్ళ పచ్చగుర్తు. ఒంటి మీద పక్కగా రెండు నల్ల గీతలుండే ఆ రకం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని, అది ఉన్నచోట కాలువ మూయకూడదని అర్జీలో రాశాం. ‘మన తూనీగకి రెండో సాక్షివి నువ్వేనమ్మా’ అని నువ్వు మురిసిపోతూ రాశావు. ఆ వాక్యం చదివి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

చిట్టీ, నేను ఆ తూనీగని చూడలేదు.

నా ఫోనులో ఆ సైటు పెట్టి, ఖాతా తెరిచి, ఎలా వాడాలో చెప్పింది నువ్వే. ఒకరు ప్రాణి ఫోటో, చోటు, తేదీ పెట్టి పేరు రాస్తారు, ఇంకొకరు పరీక్షగా చూసి ‘అవును’ నొక్కితే పచ్చగుర్తు పడుతుంది, ఆ గుర్తు ఉన్నవే, ఏ ప్రాణి ఎక్కడుందో చూపే మీ పటాల్లోకి వెళ్తాయి అన్నావు. నేను బుద్ధిగా తలూపాను. నువ్వు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. నీ ఫోటో ఒకటి సైటులో పడిందంటే ఆ రోజు నువ్వు లేచావు, తిరిగావు, నీ కాళ్ళు చేతులు బాగున్నాయి అని నాకు లెక్క. వెంటనే ‘అవును’ నొక్కేదాన్ని. నా మటుకు అది ‘సరే తల్లీ, జాగ్రత్త’ అనడం. అలా ఆరువందల పద్నాలుగు ఫోటోలకి నొక్కాను. ఒక్కదాన్నీ పెద్దది చేసి చూసిన పాపాన పోలేదు. నాన్న ఒకసారి, “అదేమిటే, బస్సు టికెట్లు కొట్టినట్టు కొట్టేస్తున్నావు, చూడవా?” అన్నారు. “మన పిల్ల పెట్టింది, నేను చూసేదేముంది?” అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

ఇరవై రెండేళ్ళలో ‘చెక్ చేశాం’ అనే పదిహేడో నంబరు చీటీ, అదే నా నంబరు, చూడకుండా ఒక్క చొక్కా జేబులో పెట్టి ఎరగను. సూపర్వైజర్ నెత్తిమీద కూర్చున్నా పెట్టలేదు. అలాంటిదాన్ని నీ దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను.

బయటపడింది ఎలాగంటే, సైటులో గడ్డం బొమ్మ పెట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు కదా, ఏ దేశంవారో తెలియదు, నువ్వు ‘గడ్డం తాతయ్య’ అంటావు. ఆయన నీ తూనీగ కింద నాకు ఒక ప్రశ్న రాశారు. “నాకు ఒక గీతే కనిపిస్తోంది. మీరు దేన్ని చూసి అవునన్నారో చెప్తారా?” అంతే. ఎంత మర్యాదగా అడిగారో నాకు అంత మండింది. మా పిల్లని అనడానికి ఈయనెవరని రెండు రోజులు రుసరుసలాడాను. మూడో రోజు భోజనం విరామంలో ఫోను తీసుకెళ్ళి కొత్త దీపం కింద పెట్టి, చొక్కా చూసినట్టు చూశాను. గీత ఒకటే ఉంది. రెండోది, దాని పక్కన వాలిన గడ్డిపోచ నీడ. ఒంటి అంచు దాటి, తూనీగ కూర్చున్న కొమ్మ మీద కూడా సాగింది. మడత ఏదో, కుట్టు ఏదో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నువ్వు ఆశ కొద్దీ పొరబడ్డావు. నిన్ను ఆపాల్సిన రెండో మనిషిని నేను. నేనే ఆపలేదు.

ఆ సాయంత్రమే నా ‘అవును’ వెనక్కి తీసుకుని, “చూడకుండా నొక్కాను, క్షమించండి” అని అందరూ చదివేలా రాశాను. పచ్చగుర్తు పోయింది. నువ్వు శిబిరం దిగి సైటు తెరిచేలోపు ఇది నీకు నా చేతిరాతలోనే తెలియాలని ఈ ఉత్తరం. అక్కడ నీకు ఫోను అందకపోవడమూ మంచిదే అయింది. “పర్లేదులే అమ్మా” అనేదానివి, నేను సగంలో ఆగిపోయేదాన్ని.

మర్నాడు మున్సిపాలిటీకి వెళ్ళాను. అర్జీ నడిపిస్తున్న మందుల షాపాయన గుమ్మంలోనే అడ్డం పడ్డాడు. “ఎవరడిగారమ్మా మిమ్మల్ని? వాళ్ళకి తూనీగా తెలియదు, గీతా తెలియదు. నోరు మూసుకుంటే కాలువ దక్కేది కదా!” అన్నాడు. నిజమే, దక్కేదేమో. అయినా లోపలికి నడిచాను. ఇంజినీరు నేను చెప్పిందంతా విని, “అయితే మూసేయొచ్చన్నమాట” అన్నాడు.

“ఆ ఒక్క కాగితం తీసెయ్యమన్నాను బాబూ, అర్జీ తీసెయ్యమనలేదు. అక్కడ నిజంగా ఏమేమున్నాయో చూసి మళ్ళీ రాసిస్తాం. గడువివ్వండి.”

“ఎంతమ్మా?”

“నెల.”

“మూడు వారాలు” అని ఫైలు మూశాడు.

చాలు. షిఫ్టు మొదలయ్యే ముందు గంటన్నర రోజూ కాలువ దగ్గరే ఉంటున్నాం, ఆదివారాలతో సహా. మా చెకింగ్ బల్లవాళ్ళం నలుగురం, బటన్లు కుట్టే అక్క, ఆవిడ రబ్బరు బూట్లు. ఒకరు ఫోటో తీస్తే ఇంకొకరు మొదటివాళ్ళు చెప్పింది వినకుండా విడిగా చూసి, కాగితం మీద రాసి, ఆ తర్వాతే కలిపి చూస్తాం. రెండూ కలవకపోతే సైటులో పెట్టం. ఈ పద్ధతి నాదే. బటన్ల అక్క “ఇంత చాదస్తమా” అని దెప్పుతూనే మోకాలి లోతు బురదలోకి దిగుతోంది. మందుల షాపాయన నాలుగో రోజు మొహం ముడుచుకునే వచ్చి, గట్టున నిలబడి గొడుగు పట్టాడు. పదకొండు రోజుల్లో పదమూడు రకాల తూనీగలు తేలాయి, పదమూడింటికీ మాకు ముఖపరిచయం లేని మనుషులే ‘అవును’ అన్నారు. నీ ఆరువందల పద్నాలుగూ రోజుకి ఇరవై చొప్పున మళ్ళీ చూస్తున్నాను. నాకు తేల్చుకోవడం రానివాటికి ‘అవును’ తీసేస్తున్నాను. నువ్వు తప్పని కాదు, నాకు తెలియదని. నీ తోటివాళ్ళ ముందు నీకు తలవంపుగా ఉంటుందని తెలుసు. కోప్పడు, పడతాను. ఈ తీసెయ్యడం మాత్రం ఆపను.

నిన్న పొద్దున తూము పక్క రెల్లు మీద ఒకటి వాలింది. నీలం, సూదంత. గడ్డిపోచ దరిదాపుల్లో లేకుండా, ఎండ ఎదురుగా ఉండగా ఆరు ఫోటోలు తీశాను. నాకు రెండు గీతలు కనిపించాయి. బటన్ల అక్క కూడా విడిగా రెండనే రాసింది. నాన్నకి కళ్ళజోడు లేకుండా మూడు కనిపించాయి, ఆయన సాక్ష్యం కొట్టేశాను. ఫోటోలు సైటులో పెట్టి, చోటు, తేదీ రాసి, పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేశాను.

చిట్టీ, శిబిరం దిగాక దాన్ని తెరువు. అమ్మ బురదలో నిలబడి తీసిందని చూడకు, కాలువ పోతుందని చూడకు. పెద్దది చేసి గీతలు చూడు. రెండో గీత నీ కంటికి కనిపిస్తేనే పేరు రాయి. కనిపించకపోతే ‘లేదమ్మా’ అని అక్కడే, అందరూ చదివేలా రాయి. గడువుకి ఇంకా తొమ్మిది పొద్దులున్నాయి, బటన్ల అక్క బూట్లు మన గుమ్మం దగ్గరే ఉన్నాయి, మళ్ళీ వెతుకుతాం.

ఇట్లు,
ఈసారి చూసి మరీ సంతకం పెడుతున్న
మీ అమ్మ