లోపలి ఎర్రదారం

కామాక్షి వదినకు,

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో అడిగితే నవ్వేసి మాట దాటేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మైపాడు నుంచి మీరు పంపిన చేపల పులుసు తిన్నాం. మామిడి ముక్కలతో పాటు టెంక కూడా వేశారు. టెంక వేసేది మా అమ్మ ఒక్కతే.

మొన్న పెళ్లిలో మీ బుట్టచేతుల జాకెట్టును అందరూ మెచ్చుకున్నారు, పాత ఫ్యాషన్ మళ్లీ వచ్చిందని. మీరు చెయ్యెత్తినప్పుడు లోపల ఎర్రదారం కుట్టు కనిపించింది. ఏ రంగు గుడ్డకైనా దిష్టి తగలకుండా అలా కుట్టేది కూడా అమ్మే. పైగా అది మీ కొలతకు కుట్టింది.

అన్న మిమ్మల్ని చేసుకున్నాడన్న కోపంతో అమ్మ చనిపోయేదాకా మీతో మాట్లాడలేదని అందరం నమ్మాం. "ఆ పిల్ల గడప తొక్కేది లేదుమే" అని నాతోనే అనేది. మరి ప్రతి బేస్తవారం మోకాళ్ల నొప్పి, ఆస్పత్రి అని చెప్పి ఎక్కడికి పోయేది? ఒక్క మందుబిళ్ల కూడా మా ఇంటికి రాలేదు.

నాకు పులుసు నేర్పమని అడిగితే, "నీకెందుకుమే, నేనుండా గదా" అనేది.

ఎప్పటి నుంచి వచ్చేదో చెప్పకపోయినా ఫర్వాలేదు. మీ ఇంట్లో కూర్చుని కుడుతూ నా మాట ఎప్పుడన్నా ఎత్తేదా? అది మాత్రం రాయండి.

మీ ఆడబిడ్డ

తా.క. పులుసు వచ్చిన వైరు బుట్ట కూడా అమ్మ అల్లిందే. అది తిరిగి పంపను.