ఆ దంతం ముట్టొద్దు

మామయ్యకి,

సువా ఆసుపత్రి నుంచి ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి కంగారుపడకండి.

మిల్లు రంపం కింద నా కుడిచెయ్యి పోయిన నెల రోజులకు, నిన్న మేనేజర్ వైసాలే చూడటానికొచ్చాడు. ఎలా ఉన్నావని అడగలేదు. "శుక్రవారం మీ మామ ఊళ్లోనే ఉంటాడా?" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికేరా, పెద్దాయన్ని చూసి చాన్నాళ్లయింది" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ప్రమాదం సంగతి కార్మికశాఖకు రాసి పంపాల్సిన కాగితం మాత్రం ఇంకా టైపులోనే ఉందట.

చూస్తూ ఉండండి, తప్పు మన్నించమంటూ తిమింగలం దంతం పట్టుకుని మీ ముందు కూర్చుంటాడు. మీరు అందుకుంటే క్షమించినట్టే. మిల్లులో ఇలైతియా కాలు విరిగినప్పుడూ వాళ్లు ఇదే చేశారు. తర్వాత వాడు పరిహారం అడిగితే, "పెద్దలు క్షమించాక మళ్లీ ఈ కక్కుర్తేంట్రా?" అని మనవాళ్లే కసిరారు.

టీ ఇవ్వండి, ఉడికించిన కర్రపెండలం పెట్టండి, మర్యాదకు లోటు చేయకండి. దంతం మాత్రం ముట్టొద్దు. దెబ్బ తగిలింది నాకు కనుక నేనే అందుకోవాలనండి. దాన్ని రెండు చేతులతో అందుకోవడం మన ఆచారం కదా. మావాడి రెండో చెయ్యి మీ మిల్లులోనే ఉండిపోయిందని చెప్పండి.

మీ మేనల్లుడు