సీలు తీయని బ్రేకుల పెట్టె

మీకు,

మీ సంవత్సరీకాలు అయిన వారానికే మీ తమ్ముడు మోటర్‌హోమ్, అదే మన ఇల్లులాంటి బండి, బయటికి తీశాడు. వై2కె సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల రోజుల్లో మీరు మోజుపడి కొని, మలేసియాలో జొహోర్ షెడ్డులో ఉంచిన బండే. మీరు అమర్చి పెట్టినట్టే వెనకాల కారు తగిలించుకుని, పిల్లలతో థాయ్‌లాండ్ దాకా వెళ్తాడట. ఇవాళే ప్రయాణం.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. బండి నిమ్మకాయలు తొక్కి ఆగగానే వెనక కారు లైట్లు ఎర్రగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కారు బండిని కాస్త ముందుకు నెట్టినట్టనిపించింది.

"కారుకి కూడా బ్రేకు పడుతోందా?" అన్నాను.

"అన్నయ్య చేసిన పనికి కూడా వంకేనా వదినా?" అన్నాడు మీ తమ్ముడు.

"లైట్స్ ఓకే లా, పెద్దమ్మా!" అంది అతని కూతురు ఇక్కడి యాసలో.

నాది అనుమానపు బుర్ర అని చెప్పి అందర్నీ నవ్వించింది మీరే కదా. నిజంగానే నా భ్రమేమోనని కారెక్కి వెతికాను. ముందు బండి ఆగినప్పుడు కారు బ్రేకు నొక్కాల్సిన పరికరం సీటు కింద పెట్టెలోనే ఉంది. సీలు కూడా తీయలేదు. లైట్లయితే నలుగురికీ కనబడతాయి గనక మీరు అవి మాత్రం బిగించారు. "అంతా రెడీ" అని మా అందరికీ చెప్పారు.

తాళాలు లాక్కున్నాను. పిల్లలు ఏడ్చారు.

"అన్నయ్యే ఉంటే ఈపాటికి మమ్మల్ని హైవే ఎక్కించేవాడు," అన్నాడు మీ తమ్ముడు.

"అవును, ఇలాగే ఎక్కించేవారు," అన్నాను.

మీ గురించి నలుగురిలో ఇలాంటి మాట అనడం ఇదే మొదటిసారి. వెనక్కి తీసుకోను.