మూతి కుట్టేసిన సంచి

మంగళవారం, సాయంత్రం

వదినకు,

దేవుని కాపుదలలో నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తూ రాస్తున్నాను. అమ్మా నేనూ బాగున్నాం.

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. షెడ్డు కప్పులో ఒక రేకు గాలికి లేచింది. వెళ్లగానే గోనెపట్టా అంతా తడవని మూలకు మోసి, ఆ తర్వాత దబ్బనాలు పట్టుకున్నాం. చేతులు ఇంకా పీచు వాసనే.

నువ్వు పంపిన నవల ఈ రోజుతో అయిపోయింది. ముందు దాని సంగతి రాస్తాను. నువ్వు అడిగిన సంగతి చివర్లో.

తీరిగ్గా ఒక్కదాన్నే చదువుకోమన్నావు. షెడ్డు పద్ధతి నీకు తెలియనిదా? ఎవరి చేతిలో పుస్తకం కనిపించినా పైకి చదవాలి. చదివే మనిషి వాటా సంచులు మిగతావాళ్లు కుట్టిపెడతారు. అలా నా వేళ్లకు విశ్రాంతి దొరికింది, గొంతు మాత్రం పోయింది.

మొదట్లో నాకు అంత నమ్మకం కలగలేదు. అట్ట మీద అమ్మాయి బొమ్మ మరీ అందంగా ఉంది. యుద్ధంలో అంత తెల్లటి గౌను ఎవరు ఉతికారని మా నసమ్మ అడిగింది. నసమ్మంటే నీ చోట్లో కూర్చునే కొత్తావిడ. దేనికైనా వంక పెట్టకపోతే ఆవిడకు దబ్బనం కదలదు. కానీ గుడిగంటను దించి ఫిరంగులు పోయడానికి పట్టుకుపోయే చోటు వచ్చేసరికి ఆవిడే నోరు మూసుకుంది. గంట లేని ఆదివారం పాస్టరు గారు వీధి వెంట నడుస్తూ ఒక్కొక్క తలుపూ తట్టి జనాన్ని ప్రార్థనకు పిలుస్తాడే, అది రాసిన చెయ్యి గొప్పది వదినా. ఏడవమని ఎక్కడా చెప్పలేదు. తలుపులు తెరిచినవాళ్లెవరో, తెరవనివాళ్లెవరో చెప్పి ఊరుకుంది.

ఆ పాస్టరు గారి అమ్మాయి కథే కదా అంతా. కాబోయే భర్త యుద్ధానికి వెళ్లి జాడ లేకుండా పోతాడు. ఆ అమ్మాయి అతని తల్లి దగ్గరే ఉండి, గాయపడ్డవాళ్లకు కట్లు కడుతుంది. ఇంతలో దేశంలోనే విప్లవం లేస్తుంది. విప్లవం వాళ్ల డాక్టరు ఒకడు ఆ ఇంట్లో దిగుతాడు. దేవుణ్ణి నమ్మనివాడు. ఇతన్ని రెండు పేజీల్లో మోకరింపజేస్తారు చూడండని నేను పందెం కాశాను. ఓడిపోయాను. ఆ అమ్మాయి ప్రార్థన చేసుకుంటుంటే అతను టోపీ తీసి పట్టుకుంటాడు, అంతే. చివరిదాకా అంతకు మించి చెయ్యడు. నాకు ఆ టోపీ చాలు.

అతను తన ప్రేమ చెప్పే రోజున ఇక్కడ రేకుల మీద వాన దంచింది. ఆ మాటలన్నీ నేను గొంతు చించుకుని చదవాల్సి వచ్చింది. గుసగుసగా అన్నాడు అని కూడా అరిచాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ఎవరికి దెబ్బ తగిలిందే అన్నాడు. డాక్టరుకు, గుండెల్లో, అంది నసమ్మ. ఆయన కసురుకుని వెళ్లలేదు. పురికొస ఉండలు సర్దుతున్నట్టు అక్కడే నిలబడి అధ్యాయం పూర్తయ్యేదాకా విన్నాడు.

లోపాలు లేకపోలేదు. ఆ అమ్మాయి మాటిమాటికీ మూర్ఛపోతుంది. ప్రార్థన జరిగినంతసేపూ గుర్రాలకు గడ్డి ఎవరు వేశారో చెప్పరని నా పక్కన కుడుతున్న అమ్మ అంది. నిజమే. అయినా ఇంతకు ముందు ఏ కథకూ అమ్మ గడ్డి సంగతి అడగలేదు.

ఇక ఈ రోజు. ఒక కుంటి సైనికుడు మంచులో గేటు దాకా వచ్చి, నీ కొడుకు పోయాడు, నా కళ్లతో చూశానని ఆ తల్లికి చెప్తాడు. ఆవిడ కాళ్లకు అంటిన మంచయినా దులుపుకోకుండా నేరుగా లోపలికి వెళ్లి ఆ మాట పిల్లకు చెప్తుంది. తర్వాత కొడుకు కోటు తెచ్చి, బయట చలిగా ఉందంటూ డాక్టరు చేతిలో పెడుతుంది. నేను తలెత్తి చూస్తే దబ్బనాలన్నీ ఆగి ఉన్నాయి, అమ్మది తప్ప. అమ్మ గబగబా కుడుతూనే ఉంది. అడుగు కుట్టి, పక్కలు కుట్టి, వదలాల్సిన మూతి కూడా ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టేసింది. పెద్దమ్మా, గాలి బస్తానా అంది నసమ్మ. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. కత్తెర తీసుకుని ఒక్కొక్క కుట్టే విప్పుకుంది. ఇన్నేళ్లలో అమ్మ చేతిలో సంచి తప్పడం నేను చూడలేదు.

నువ్వు అడిగిన సంగతి ఇంకా అమ్మతో అనలేదు. మీ ఆస్పత్రి కాంపౌండరు గారు మంచివాడంటే నమ్ముతాను. ఆయన పెళ్లి మాటకు ఔననాలంటే అత్తయ్య నోటి మాట కావాలన్నావు. కానీ అన్నయ్య యుద్ధం నుంచి ఇక తిరిగి రాడని ఊరంతా అనుకుంటున్నా, అమ్మ మాత్రం వాడొచ్చాక అనే మాట మానలేదు. చిలక్కొయ్యకున్న వాడి కోటును ఆదివారం ఆదివారం దులుపుతూనే ఉంది. ఆ కోటు ముందు నిలబడి నీ మాట ఎత్తడం నా వల్ల కాలేదు. అందుకే నవల చదివాను. విన్నాక ఏమనుకుందో తెలియదు. నాకు ఇంకొన్నాళ్లు గడువివ్వు.

ఆస్పత్రి పనిలో ఒళ్లు జాగ్రత్త.

నీ ఆడపడుచు

తా.క. బుధవారం పొద్దున. అంటించిన కవరు విప్పి రాస్తున్నాను. లేచేసరికి అమ్మ కోటు మడత పెడుతోంది. కోడలు ఆ పుస్తకం నీకోసం పంపలేదు, నాకోసం పంపింది, ఆ మాత్రం తెలియదా అంది. యుద్ధంలో అన్నయ్యతో పాటు లారీ నడిపిన అతను వెనకటి చలికాలంలోనే చర్చి గేటు దగ్గర అమ్మను కలిశాడట. వాడు పోయాడని, తనే పూడ్చానని చెప్పాడట. చెబితే కోడలు మనది కాకుండా పోతుందని దాచాను, ఆ కథలో ముసలిదైతే కాళ్లు కూడా తుడుచుకోకుండా వెళ్లి చెప్పింది అంది. కోటు ఎందుకని అడిగితే, ఆ కాంపౌండరు ఎంత పొడుగు అని ఎదురడిగింది. నీ ఉత్తరం తను ఎప్పుడో చదివిందన్నమాట.

నాకంటే ముందు అమ్మే వచ్చి నీకు చెప్తుంది. అయినా నవల సంగతి ఉంది కదా అని ఇది పోస్టు చేస్తున్నాను.

అమ్మ మొదటి బస్సుకు వెళ్లింది.