మునిగేవాణ్ణి లేపడం తప్పా?

నందిగామ, 2009 జూన్, మంగళవారం రాత్రి

నేను చెబుతున్నాను, కోడలు పద్మ రాస్తోంది.

మా అబ్బాయి శీను బెజవాడలో ఒక అమెరికా కార్ల షోరూములో మెకానిక్కు. ఆ కంపెనీ దివాలా తీసిందని, అక్కడి సర్కారు డబ్బు పోసి నిలబెడుతోందని టీవీలో చెప్పినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. పొద్దున మా మరిది సాంబయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతనిది పోటీ కంపెనీ కారు. అదీ అమెరికాదే.

“మునిగేవాణ్ణి జనం సొమ్ముతో లేపడమేంటి వదినా? మా కంపెనీ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.”

“మునిగితే మా శీను ఏం తింటాడు, నీ కారు టైర్లా?” అని అరిచాను. కాఫీ ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం శీను ఫోన్ చేశాడు.

“ఇప్పట్లో షోరూము మూయరంటమ్మా. మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. ఇక్కడ పని పోతే నన్ను తీసుకోమని, తను కారు కొన్న షోరూములో చెప్పి వెళ్ళాడు.”

మొహం తెలియని ఆ సర్కారుకీ, మొండి సాంబయ్యకీ కలిపి దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పట్లో అంటే ఎన్నాళ్ళో మరి...

రేపు కాఫీ నేనే పట్టుకెళ్తాను. అయినా సరే, సర్కారు చేసిందే రైటు. పద్మా, అది కూడా రాయి.