జననాల పేజీ

నియుటావ్ దీవి, మంగళవారం

అమ్మా సెపోరా, మేం క్షేమం. నీ కాళ్ల వాపు తగ్గిందా? రెండు ఓడలొచ్చాయి, నీ కార్డు రాలేదు. మీ అమ్మకు అన్నం సయించడం లేదు. నిన్న రాజధాని నుంచి వచ్చిన లెక్కల ఆఫీసరు నా జనన మరణాల పుస్తకం తిరగేసి, "ఏం పెద్దాయనా, మీ దీవిలో చావడమే గానీ పుట్టడం లేదా?" అన్నాడు. ఈ ఏడాది చావులు తొమ్మిది, పుట్టుక ఒక్కటీ లేదు. "నెలలు నిండినవాళ్లందరినీ మీ ఆసుపత్రికే ఓడెక్కిస్తుంటే ఇక్కడెవరు పుడతారు బాబూ?" అన్నాను. నువ్వూ అలా వెళ్లినదానివేగా, నీ బిడ్డ పేరు అక్కడి పుస్తకంలోనే ఎక్కించు. ఊడిన బొడ్డు మాత్రం గుడ్డలో చుట్టి తీసుకురా. దాన్ని పాతి పైన నాటడానికి మీ అమ్మ కొబ్బరి మొలక సిద్ధం చేసింది. నాలుగు గేలాలు కూడా తే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నా పుస్తకంలో నేను రాసేది చావులే, అందులో నీ పేరు రాసే పని నాకు పడకూడదు తల్లీ.

నాన్న