డై మూలలో సుడి

మార్చి 3
ల్యాబ్‌లో చేరాను. అమ్మ ఇదే ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో డైలు పాలిష్ చేస్తుంది. డై అంటే అల్యూమినియం రేకును నొక్కి కారు తలుపుగా వంచే స్టీల్ అచ్చు. నా బ్యాడ్జి మీద ఇంజనీర్ అని ఉన్నా, గేటు కాపలా తాతకు మాత్రం నేను పాలిషమ్మ కూతురినే. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని. నేను అమ్మ పాలిష్ పేస్టు డబ్బా ముట్టుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది. ఈ వేళ్ళు పెన్ను పట్టడానికి తల్లీ, నాలాగా అరగదీసుకోవడానికి కాదు అంది.

మార్చి 9
మైక్రోస్కోప్ కింద ఏ రేకూ నునుపుగా ఉండదు. అన్నీ చిన్న చిన్న గుంటలు. నూనె వాటిలో దాక్కుని, ఒత్తిడి పడగానే బయటికొస్తుంది. ఇప్పుడు వాడుతున్న కొత్త రకం రేకుకు గుంటలు తక్కువ. మెరుపు బాగుంటుంది, ఘర్షణ కూడా తగ్గుతుంది అని రిపోర్టు రాసి దాన్ని తెప్పించింది నేనే. ఇప్పుడు నూనె నిలవడం లేదు. అల్యూమినియం డైకి అతుక్కుని తరువాతి రేకును గీకేస్తోంది. దాన్ని రుద్ది తీసే పని అంతా అమ్మ మీద పడింది.

దానికి తోడు హాజరు మెషిన్ అమ్మ బొటనవేలు తీసుకోవడం లేదు. ఆఖరి మెరుగు ఎప్పుడూ గ్లవ్స్ లేకుండా ఆ వేలితోనే పెడుతుంది. వేలి గీతలన్నీ అరిగిపోయాయి. వేలు ఇంట్లో మరిచిపోయి వచ్చావా పాలిషమ్మా అని తాత అంటే అందరూ నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు. నెలాఖరు దాకా సంతకంతో సరిపెడతానని, ఆ తరువాత వేలు పడకపోతే ఉద్యోగం ఉండదని చెప్పాడు.

మార్చి 14
డై మూలలో అల్యూమినియం అతుకు. అమ్మ పొద్దున్నంతా రుద్ది తీసేసింది.

మార్చి 15
మళ్ళీ అక్కడే.

మార్చి 19
అతుకు మీద రెజిన్ పోసి అచ్చు తీశాను. గీతలు రేకు జారే దిక్కునే ఉండాలి. ఇవి వంపు తిరిగి, ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని ఉన్నాయి. మధ్యలో సుడి. నా బొటనవేలు పక్కన పెట్టి చూశాను. గీతల మధ్య ఎడం ఒకటే.

రిపోర్టులో గాలింగ్, అంటే లోహానికి లోహం అతుక్కోవడం, అని రాశాను. ఇంకేం రాయను?

మార్చి 20
ఆ అచ్చు ఫోటో అమ్మకు చూపించాను. సుడికి అడ్డంగా చిన్న గాటు ఉంది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు రేకు కోసుకున్న గాటు ఇది, వేలితో పాటే అరిగిపోయిందనుకున్నా అంది. పోన్లే, ఎక్కడో ఒకచోట ఉంది కదా అని నవ్వి కంచం నా ముందు పెట్టింది.

మార్చి 26
అమ్మకు జ్వరం. డై మళ్ళీ పట్టేసి లైను ఆగిపోయింది. పాత రకం రేకు తెప్పించమని అడిగాను. వారం పడుతుందట. సాయంత్రంలోగా పాలిష్ కాకపోతే అమ్మ చోట బయటి మనిషిని పర్మనెంట్‌గా పెట్టేసుకుంటానన్నాడు సూపర్‌వైజర్. మీ అమ్మకు ఎలాగూ వేలు లేదుగా అని కూడా అన్నాడు.

గ్లవ్స్ తీసేశాను. పేస్టు చల్లగా ఉంది. స్టీల్ మాత్రం జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలుతోంది. సుడి మీద బొటనవేలు పెట్టగానే సరిగ్గా అమరిపోయింది. నేను రుద్దుతున్నంతసేపూ అవతలి నుంచి ఇంకెవరో అంతే మెల్లగా రుద్దుతున్నారు.

అతుకు పోయింది. తలుపులు ఒక్క గీత లేకుండా వచ్చాయి. అచ్చం తల్లి చెయ్యే అన్నాడు సూపర్‌వైజర్.

ఇంటికొచ్చేసరికి అమ్మ జ్వరం తగ్గి లేచి కూర్చుంది. నా చెయ్యి చూసింది. నా బొటనవేలిని గుప్పిట్లో పెట్టుకుని అలాగే నిద్రపోయింది.

మార్చి 27
హాజరు మెషిన్ మీద వేలు పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. స్క్రీన్ మీద అమ్మ పేరు.

నా వేలి మీద అడ్డంగా అదే పాత గాటు. నొప్పి లేదు.

వచ్చావా పాలిషమ్మా అన్నాడు తాత, తలెత్తకుండానే.